స్టేజీ దిగి గ్యాలరీకి వెళ్తానన్న చిన్నికి

చిన్నీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పన్నెండేళ్లు కొరియోగ్రఫీ చేశావు, మోకాళ్లు మొరాయిస్తున్నాయి, ఇక విజువల్ ఆర్ట్‌లోకి వెళ్తానంటున్నావు. వెళ్లు. నేనూ నలభై దాటాక చేసింది అదే కాబట్టి వద్దనే మొహం నాకు లేదు. కానీ చివర్లో ఒక మాట రాశావు చూడు, "ముందు రెండేళ్లు కూర్చుని బొమ్మలు వేయడం నేర్చుకుంటాను" అని. అక్కడ నా గుండె జారింది.

నేను చేసిన తప్పు సరిగ్గా అదే. నా డాన్సు కంపెనీ మూసేసిన ఏడాది ఈజిల్, ఆయిల్ రంగులు కొనుక్కుని ఏడాదిన్నర పాటు డాన్సు చేస్తున్న మనుషుల బొమ్మలు వేశాను. క్లాసులో నా పక్కన కూర్చున్న పద్దెనిమిదేళ్ల పిల్లలు నాకన్నా బాగా వేసేవాళ్లు. ఎగ్జిబిషన్లకి పనులు ఎంచే క్యూరేటర్, తెలిసినాయన్ని ఒకాయన్ని పిలిచి అన్నీ చూపించాను. ఫ్రేములు బాగున్నాయని చెప్పి వెళ్లిపోయాడు.

నీ విద్య వేరే. గదిలో పదిమంది ఉంటే ఎవరి బరువు ఏ కాలి మీద ఉందో, ఎవరు ఎటు తిరగబోతున్నారో వాళ్లకన్నా ముందు నీకు తెలిసిపోతుంది. అది చాలామంది చిత్రకారులకు లేదు. దాన్ని ఇంట్లో వదిలేసి గ్యాలరీకి వెళ్లడమెందుకు?

అమెరికన్ కొరియోగ్రాఫర్ ట్రిషా బ్రౌన్ సంగతి నీకు తెలుసు. 1970లో న్యూయార్క్‌లో ఒక మనిషిని తాళ్లతో కట్టి, భవనం గోడ మీద పైనుంచి కిందికి మామూలుగా నడిచినట్టు నడిపించింది. ఆవిడే 2003లో ఫిలడెల్ఫియాలో బొమ్మ గీసినప్పుడు ఏం చేసిందో చూడు. పెద్ద కాగితం నేల మీద పరిచి, చేతుల్లో, కాలివేళ్ల సందుల్లో బొగ్గుముక్కలు పట్టుకుని దాని మీద కదిలింది. జనం వేరే గదిలో వీడియోలో చూశారు. ఆ గీతలు ఒక్క డాన్సర్ ఒంట్లోంచే వస్తాయి.

నువ్వూ ఈ వారమే చెయ్యి. నీకు కంఠతా వచ్చిన పాత ఫ్రేజ్, అంటే కదలికల వరస, ఒకటి తీసుకో, కొత్తది కల్పించకు. నేను చేసినప్పుడు కాగితానికి కుడివైపు మరకలన్నీ దట్టంగా, మడమ తిరిగిన చోట బొగ్గు పొడైపోయి నల్లగా వచ్చాయి. ఎడమవైపు పిల్లి నడిచినట్టు పల్చటి చారలు, అంతే. ఇరవై ఏళ్లుగా ఎడమకాలిని కాపాడుకుంటూ డాన్సు చేశానని ఆ కాగితం చూసేదాకా నాకు తెలియదు. ఎవరడిగినా దాన్ని అమ్మలేదు.

తర్వాతి మెట్టు, డాన్సర్ లేకుండా కొరియోగ్రఫీ. విలియమ్ ఫోర్సైత్ 1984 నుంచి 2004 దాకా ఫ్రాంక్‌ఫర్ట్ బాలేని నడిపిన మనిషి. ఆయన 2009 నాటి ఒక పనిలో పైకప్పు నుంచి జిమ్నాస్టిక్ రింగులు రకరకాల ఎత్తుల్లో వేలాడతాయి. నేల తాకకుండా వాటిమీదే ఇటునుంచి అటు దాటాలి. అంతే రూలు. చూడ్డానికి వచ్చినవాడు రెండో రింగులో కాలు పెట్టగానే తన బరువేమిటో తనకు తెలిసొస్తుంది. ఎవరెలా కదలాలో ఫోర్సైత్ నేర్పలేదు, రింగుల ఎత్తే నేర్పుతుంది. నువ్వు రిహార్సల్లో గొంతు చించుకుని చెప్పేది ఒక వస్తువు చేత చెప్పించగలవా అని ఆలోచించు. వీడియో ప్రొజెక్షన్ మీదికి మాత్రం వెంటనే ఎగబడకు. అందరం ముందు అటే పరిగెత్తుతాం.

టైము సంగతి కూడా వేరు. థియేటర్లో తలుపులు మూసి గంటసేపు కూర్చోబెడతావు. గ్యాలరీలో వచ్చేవాళ్లు వస్తుంటారు, పోయేవాళ్లు పోతుంటారు. నలభయ్యో నిమిషంలో నువ్వు దాచిపెట్టుకున్న గొప్ప ఘట్టాన్ని గార్డు తప్ప ఎవరూ చూడరు.

ఇప్పుడు డబ్బు. ఇది సిగ్గుపడకుండా చదువు. నా మొదటి ఎగ్జిబిషన్‌లో నలుగురు డాన్సర్లను రోజుకి ఆరు గంటలు పెట్టాను. పారితోషికం మాత్రం స్టేజీ లెక్కలో, షోకి ఇంత అని ఒప్పుకున్నాను. గ్యాలరీ వాళ్లకు అది ఒక షో, మూడు వారాలు! పైగా నేల సిమెంటు. స్టేజీ కింద చెక్క ఒక మోస్తరు లొంగుతుంది, సిమెంటు లొంగదు. నాలుగో రోజుకి ఒకమ్మాయి ముంగాలి నొప్పితో మెట్లు దిగలేకపోయింది. తప్పు గ్యాలరీ వాళ్లదెంతో నాదీ అంతే, అడగలేదు కాబట్టి. నువ్వు గంటల లెక్కన రాయించుకో. రెండు జట్లు, విరామాలు, కూర్చునే గది, నేల మీద పరుపు, అన్నీ కాగితం మీద ఉండాలి.

అమ్మడం ఎలా అని అడిగావు. సిమోన్ ఫోర్టీ అనే డాన్సర్ 1961లో న్యూయార్క్‌లో కొన్ని 'డాన్స్ కన్‌స్ట్రక్షన్లు' చూపించింది. ఒక దాంట్లో ఏటవాలు చెక్కపలకకి తాళ్లు వేలాడుతుంటాయి, మనుషులు వాటిని పట్టుకుని పైకీ కిందికీ పాకుతుంటారు. వాటిని మోమా, అంటే న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం, 2015లో కొనుక్కుంది. చెక్క, తాళ్లు ఎక్కడైనా దొరుకుతాయి కదా, మరి ఏం కొన్నట్టు? ఎలా చెయ్యాలో, ఎలా నేర్పాలో ఆ పద్ధతిని. టినో సెగల్ అనే ఆర్టిస్టు అయితే ఒక్క కాగితం కూడా ఇవ్వడు, నోటరీ ముందు నోటిమాటగానే అమ్ముతాడు. అంత ధైర్యం మనకొద్దు. నీ ప్రతి పనికీ ఎంతమంది, ఎంతసేపు, ఏ నేల, ఎవరు నేర్పాలి, ఏది మారిస్తే అది నీ పని కాకుండా పోతుంది అన్నవి ఇప్పుడే రాసి పెట్టుకో. పదేళ్ల తర్వాత గుర్తుంటాయనుకుంటావు, ఉండవు.

డాన్సు వాళ్లు పారిపోయావంటారు, ఆర్టు వాళ్లు నిన్ను ఎంటర్‌టైన్‌మెంట్ అంటారు. ఓ నాలుగేళ్లు అననీ.

బొగ్గు కాగితం పూర్తయ్యాక చుట్టి పంపకు, రాలిపోతుంది. ఫోటో చాలు, నిచ్చెనెక్కి పైనుంచి తియ్యి. ఫిక్సేటివ్, అదే బొగ్గు అంటుకుని ఉండేలా చేసే స్ప్రే, కొట్టేటప్పుడు కిటికీలు తెరిచి పెట్టుకో. మోకాళ్లకి ఐసు పెడుతున్నావా?

పెద్దమ్మ