ముసురులో పచ్చికట్టెలు ఆరాలంటే ప్లాస్టిక్ షీటు గుడారం పనికొస్తుందా?

వానలు మొదలయ్యాక అడితి నుంచి వచ్చే కట్టెలు మండకుండా పొగ కక్కుతున్నాయి, పెరట్లో షీటుతో సోలార్ కిల్న్, అంటే ఎండవేడితో కట్టెలు ఆరబెట్టే గుడారం, కట్టుకుంటే ఆరతాయా అని అడిగారు. ఆరతాయండీ. మాది గుంటూరే, చిన్న క్యాటరింగ్. గాడిపొయ్యికి కట్టెలు ఇలాగే ఆరబెడుతున్నాం. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం దీని జోలికి పోవద్దు. మన ఎండకి చీల్చి ఆరుబయట పేరిస్తే చాలు, షీటు డబ్బులు దండగ.

కట్టేటప్పుడు ముందు చూసుకోవాల్సింది తేమ బయటికి పోయే దారి. మా వీధిలో ఒకాయన నాలుగువైపులా గట్టిగా బిగించేశాడు. పొద్దున చూస్తే షీటు లోపల చుక్కలు చుక్కలుగా నీళ్లు, అవే మళ్లీ కట్టెల మీద కారుతున్నాయి. కొన్నాళ్లకే బెరడంతా తెల్లటి బూజు. ఒక పక్క కింద జానెడు సందు, ఎదుటి పక్క పైన ఇంకో సందు వదలండి. వేడెక్కిన గాలి తేమను పట్టుకుని పైనుంచి పోతుంది, కిందనుంచి కొత్తగాలి వస్తుంది. రాత్రిపూట, వాన పడేటప్పుడు రెండూ మూసేయాలి.

చట్రానికి సరుగుడు వాసాలు, పేర్పు కింద సిమెంటు ఇటుకలు చాలు. షీటు మాత్రం పాలీహౌస్‌లకు వేసే 200 మైక్రాన్ల యూవీ రకమే కొనండి, మామూలు పాలిథిన్ ఎండకు అప్పడంలా విరిగిపోతుంది. వీడియోల్లో చూపించేంత ఏటవాలు కప్పు మనకు అక్కర్లేదు. అవి చలిదేశాలు, అక్కడ సూర్యుడు కిందుగా ఉంటాడు. మనకు జూన్, జులైలో నడినెత్తినే కాబట్టి వాననీళ్లు జారేంత వాలుంటే సరి.

సుబాబులైనా తుమ్మైనా చీల్చే పెట్టండి. బెరడుతో గుండ్రంగా పెట్టిన దుంగ పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల పచ్చే.

ఆరిందో లేదో తెలియాలంటే ఒక కట్టెకు సుద్దతో గుర్తుపెట్టి అప్పుడప్పుడు కాటా వేయండి. బరువులో సగం నీళ్లే ఉన్న 2 కిలోల కట్టె 1.25 కిలోలకు దిగితే తేమ 20 శాతానికి వచ్చినట్టు, ఇక పొయ్యిలో పెట్టొచ్చు. మొదట్లో ఎంత నీరుందో తేలకపోతే, ఎండ కాసే రోజుల్లో కూడా బరువు తగ్గడం ఆగేదాకా ఉంచండి. మా వంటమేస్త్రి కాటాను నమ్మడు, రెండు కట్టెలు కొట్టి చప్పుడు వింటాడు. ఆయన మాటా పెద్దగా తప్పదు లెండి.

ముసురు పట్టిన రోజుల్లో బరువు కదలదు, టెన్షన్ పడకండి. శ్రావణం పెళ్లిళ్లకైతే ఆషాఢం మొదట్లోనే నింపేయండి. ఆఖర్లో అడితికి పోతే పచ్చివే అంటగడతారు.