ఇంగ్లీషు ‘ఓ’ (O) అక్షరం పొట్టిగా కనిపించడం గురించి

మీరు గీసిన ఇంగ్లీషు ఫాంట్‌లో హెచ్ (H), ఓ (O) రెండూ సరిగ్గా 700 యూనిట్ల (ఫాంట్ గీసేటప్పుడు వాడే కొలత) ఎత్తే ఉన్నా ‘ఓ’ పొట్టిగా కనిపిస్తోందన్నారు కదండీ. కొలతలో తప్పు లేదు, కన్నే అలా చూస్తుంది. గుండ్రటి అక్షరాన్ని పైకీ కిందికీ చెరో 10 యూనిట్లు దాటించండి. దీన్నే ఓవర్‌షూట్ అంటారు.

ఇంకొకటి, నాకు ఇదే ముఖ్యమనిపించింది: అడ్డగీతలు, నిలువుగీతలు ఒకే మందంలో పెట్టారు. బోల్డ్‌లో అడ్డగీతే లావుగా కనిపిస్తుంది. హెచ్ మధ్యగీతను కొంచెం సన్నం చేసి చూడండి, అక్షరం ఎంత తేలికపడుతుందో!

మీ ఫాంట్‌కు ఫ్యూచరిస్టిక్ లుక్ కావాలంటే 1962లో ఆల్డో నొవరేసె గీసిన యూరోస్టైల్ ఫాంట్‌ను పెద్దగా చేసి గమనించండి. అందులో ‘ఓ’ అక్షరం పూర్తి వృత్తం కాదు, మూలలు గుండ్రం చేసిన చతురస్రంలా ఉంటుంది. ఏ (A), వీ (V) మధ్య ఖాళీని మాత్రం చివర్లో కెర్నింగ్‌తో, అంటే జంట అక్షరాల మధ్య దూరాన్ని సర్దడంతో, తగ్గించుకోండి.