బల్ల మీద బోస్టన్ శిథిలాలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పోయిన సంచికలో, ఫాలౌట్ అనే కంప్యూటర్ ఆటని బల్ల మీదికి తెచ్చిన బొమ్మల ఆట గురించి ఒక్క పేరా రాశాను. దానికి వచ్చినన్ని ఉత్తరాలు ఈ శీర్షికకి ఇదివరకెప్పుడూ రాలేదు. అందుకని ఈసారి మొత్తం ఆ ఆటకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయికి 15 ఏళ్లు. కంప్యూటర్‌లో ఫాలౌట్ 4 ఆడుతుంటాడు. అదే ఆట బొమ్మలతో, డైస్‌తో బల్ల మీద ఆడేది ఉందట, కొనమని ఒకటే పోరు. కంప్యూటర్‌లో ఉన్నదానికి మళ్లీ డబ్బు ఎందుకు పెట్టాలి? (ఒక తల్లి, ఖమ్మం)

జవాబు: అమ్మా, మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. ఆ ఆట పేరు ఫాలౌట్: వేస్ట్‌ల్యాండ్ వార్‌ఫేర్. లండన్‌లోని మోడిఫియస్ అనే సంస్థ 2018లో తెచ్చింది. కథాస్థలం కంప్యూటర్ ఆటలో ఉన్నదే. 2077లో అణుయుద్ధం జరిగి లోకం బూడిదైపోయింది. అది జరిగిన 210 ఏళ్లకు, అమెరికాలో బోస్టన్ చుట్టుపక్కల బతికి బట్టకట్టినవాళ్ల కథ ఇది. డబ్బు బదులు కూల్‌డ్రింక్ సీసా మూతలు చెలామణి అవుతుంటాయి. బల్ల మీద కూడా ఒక్కో బొమ్మ విలువ మూతల్లోనే లెక్కపెడతాం. ఇద్దరూ ఇన్ని మూతలని ముందే అనుకుని, ఆ లెక్కలో తమ జట్టుని కట్టుకుంటారు. ఒక్కో వైపు పట్టుమని పది బొమ్మలు కూడా అక్కర్లేదు. మనిషి బొమ్మ ఎత్తు మూడు సెంటీమీటర్లకి కాస్త అటూ ఇటూ ఉంటుంది.

తేడా ఎక్కడంటే, కంప్యూటర్‌లో మీవాడు మీట నొక్కగానే తుపాకీ పేలుతుంది. గుండు తగిలిందా, కవచం ఎంత ఆపింది, ఎంత దెబ్బ పడింది అన్న లెక్కంతా యంత్రం కంటికి కనపడకుండా చేసేస్తుంది. బల్ల మీద ఆ లెక్క మనదే. తుపాకీ ఎంత దూరం పేలుతుందో దానికి చెప్పిన రంగు కొలబద్ద పెట్టి చూడాలి. బొమ్మ నైపుణ్యం 7 అనుకోండి, 20 ముఖాల డైస్ వేస్తే 7 గానీ అంతకన్నా తక్కువ గానీ పడాలి. దాంతోపాటు రంగురంగుల డైస్ కూడా వేస్తాం. వాటిలో ఒకటి, 20 ముఖాల డైస్‌లో పడ్డ అంకెని తగ్గించి మన పని సులువు చేస్తుంది, ఇంకొకటి దెబ్బ పెంచుతుంది. అప్పుడు ఎదుటివాళ్లు కవచం డైస్ వేసుకుంటారు. ఒక్కో బొమ్మకి ఒక విడతలో రెండే పనులు. పరిగెత్తి కాల్చాలా, గురి చూసి కాల్చాలా, ఉన్నచోటి నుంచి తప్పుకోవాలా? ఆ రెండు పనులు ఎంచుకోవడంలోనే ఆట అంతా ఉంది.

ఇంకో తేడా డాగ్‌మీట్. అది కథానాయకుడి వెంట తిరిగే కుక్క. కంప్యూటర్‌లో దానికి దెబ్బ తగిలితే మూలుగుతూ కూలబడుతుంది గానీ చావదు. ఆ భరోసాతో మనం దాన్ని ఎంత ప్రమాదంలోకైనా తోస్తాం. బల్ల మీద ఆరోగ్యం సున్నా అయితే బొమ్మని పక్కకి తీసేయాలి. నేను మొదటిసారి డాగ్‌మీట్‌ని నా చేత్తో తీసి పక్కన పెట్టిన రోజు, ఆ తర్వాత ప్రతి ఆటలోనూ దాన్ని ఎక్కడికి పంపాలన్నా రెండుసార్లు ఆలోచించాను. మీ అబ్బాయికి తెరమీద దొరకనిది ఇదేనని నా నమ్మకం.

ఒక మాట దాచకుండా చెప్పాలి. కంప్యూటర్‌లోని ఫాలౌట్ 4కి యూరప్‌లో వేసిన ముద్ర 18 ఏళ్లు. మీవాడికి 15. అందులో రక్తపాతం ఉంది, మాదకద్రవ్యాల ప్రస్తావన ఉంది. మీరు ఒకసారి వాడి పక్కన గంటసేపు కూర్చుని చూసి, మీరే తేల్చుకోండి. వద్దనిపిస్తే హేలో: ఫ్లాష్‌పాయింట్ అనే ఇంకో బొమ్మల ఆట ఉంది. నేనుండే నాటింగ్‌హామ్‌లోని మాంటిక్ సంస్థ 2024లో తెచ్చింది. దానిలో పరచిన పటం మీద గళ్లుంటాయి కాబట్టి కొలతల గొడవ లేదు, కొత్తవాళ్లకి తొందరగా అర్థమవుతుంది.

కొనేదైతే ఇద్దరు ఆడుకునే స్టార్టర్ సెట్ ఒక్కటే కొనండి. బతికి బయటపడ్డవాళ్లు ఒక జట్టు, సూపర్ మ్యూటెంట్లనే భారీ ఆకారాలు ఇంకో జట్టు, డైస్, కార్డులు, కొలబద్దలు అన్నీ అందులోనే ఉంటాయి. బయటి దేశం నుంచి తెప్పిస్తే కొరియర్‌తో పాటు కస్టమ్స్ కూడా పడుతుంది. మొత్తం ఎంతవుతుందో ముందే అడిగి తెలుసుకోండి. ఇంకొకటి, రెండో జట్టుకి ఎవరో ఒకరు కావాలి. ఆ ఒకరు మీరే ఎందుకు కాకూడదు?

ప్రశ్న: కూకట్‌పల్లిలో గదిలో ఒంటరిగా ఉంటాను, నైట్ షిఫ్ట్. ఆడటానికి తోడు లేరు. కొని ఏం లాభం? (ఒక సాఫ్ట్‌వేర్ తమ్ముడు, హైదరాబాద్)

జవాబు: తమ్ముడూ, ఈ ఆట ఒంటరిగా ఆడుకోవడానికి కూడా తయారుచేశారు. ఎదుటి జట్టు ఏం చేయాలో కార్డులూ డైసూ చెబుతాయి: దగ్గరున్నవాణ్ణి కాల్చాలా, దాక్కోవాలా, మీదికి దూకాలా అని. మా అమ్మాయి పరీక్షల నెలల్లో నేను అలాగే ఆడాను. మూడడుగుల చదరం ప్లైవుడ్ ముక్క మీద ఆడితే మధ్యలో డ్యూటీకి వెళ్లాల్సి వచ్చినా పలకతో సహా ఎత్తి మంచం కింద పెట్టేయొచ్చు. ఆటకీ ఆటకీ మధ్య మన ఊరిని కట్టుకోవడం కూడా ఉంది: పొలం, నీళ్ల పంపు, కాపలా గుడిసె. నాకు యుద్ధం కన్నా అదే ఎక్కువ ఇష్టం.

ప్రశ్న: మే నెలలో మేడ మీద బొమ్మలకి స్ప్రే ప్రైమర్ (రంగుకి ముందు వేసే తొలి పూత) కొట్టాను. ముట్టుకుంటే ఇసుక కాగితంలా గరగరలాడుతున్నాయి. ఎక్కడ తప్పింది? (వన్‌టౌన్, విజయవాడ)

జవాబు: మా ఊరి నుంచి వచ్చిన ఉత్తరం! తప్పు మీది కాదు, ఎండది. ఆ వేడికి స్ప్రే తుంపరలు బొమ్మ దాకా చేరకుండా గాల్లోనే ఆరిపోయి, పొడిలా వచ్చి అంటుకుంటాయి. ఒకసారి సెలవులకి వచ్చినప్పుడు నాకూ అచ్చం ఇలాగే అయింది, ఆరు బొమ్మలు పాడయ్యాయి. ఎండాకాలంలో తెల్లారుజామున, నీడలో, కాస్త దగ్గర నుంచి కొట్టండి. వానాకాలంలో వార్నిష్ స్ప్రే అసలు వద్దు, తేమకి తెల్లటి పొగమంచులా కమ్ముకుంటుంది. నన్నడిగితే మన వాతావరణానికి కుంచెతో వేసే ప్రైమరే మేలు. పల్చగా రెండు పూతలు వేయండి.

రంగు కుంచె మీదే ఆరిపోతోందని కూడా రాశారు. టిఫిన్ డబ్బా మూతలో తడిపిన టిష్యూ పరచి, దాని మీద బటర్ పేపర్ వేసి, రంగు ఆ కాగితం మీద పెట్టుకోండి. సాయంత్రం దాకా ఆరదు. విడిగా కొనే బొమ్మల్లో చాలావరకు రెజిన్ అనే ఒక రకం ప్లాస్టిక్‌వి. ముందు వాటిని సబ్బునీళ్లతో పాత టూత్‌బ్రష్ పెట్టి కడగండి, లేకపోతే అచ్చుకి రాసిన జిడ్డు మీద రంగు నిలవదు. రెజిన్‌ని అరగదీసేటప్పుడు తడిపి అరగదీయండి, మాస్కు తప్పనిసరి. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

గుట్టలు, గోడలు దేనితో చేయాలన్నారు. మీకు కూతవేటు దూరంలో కొండపల్లి ఉంది కదా! చిన్నప్పుడు నాన్న నన్ను అక్కడి బొమ్మల కాలనీకి తీసుకెళ్లేవారు. తెల్లపొణికి కర్రతో విడివిడిగా చెక్కిన కాళ్లూ చేతులూ మక్కుతో అతికేవాళ్లు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్ద అది. నేనిక్కడ రంపపు పొట్టుని ఫెవికాల్ లాంటి జిగురుతో కలిపి శిథిలాల గుట్టలు చేస్తున్నాను. ఆరాక రాయిలా ఉంటుంది, రంగు బాగా పట్టుకుంటుంది.

ప్రశ్న: మా బావగారూ నేనూ ప్రతి శనివారం ఆడతాం. 'నా బొమ్మకి నీ బొమ్మ కనిపిస్తోంది', 'లేదు, కనిపించడం లేదు' అనే దగ్గర ప్రతిసారీ మాట పెరుగుతోంది. పోయినవారం ఆయన భోజనం చేయకుండా వెళ్లిపోయారు. (డల్లాస్)

జవాబు: ముందు బావగారికి ఫోన్ చేయండి, తర్వాత మిగతాది చదవండి.

బొమ్మ కదిపేటప్పుడే పైకి చెప్పండి: 'ఈ గోడ చాటున నిలబెడుతున్నాను బావా, మీ తుపాకీవాడికి కనపడకూడదని. సరేనా?' ఆయన వంగి, తన బొమ్మ కళ్ల ఎత్తులో చూసి సరే అంటే అక్కడితో అయిపోయింది. డైస్ పడ్డాక ఆ సంగతి మళ్లీ ఎత్తకూడదు. డైస్ పడకముందు ఒప్పుకోవడం ఎవరికైనా తేలిక, పడ్డాకే కష్టం.

నాకు జరిగింది చెబుతాను. మా ఎదురింట్లో ఒక రిటైరైన పెద్దాయన ఉన్నారు, గురువారం సాయంత్రాలు మేమిద్దరం ఆడతాం. రెండు నెలలు వరసగా నేనే గెలిచాను. ఒకరోజు రూల్స్ పుస్తకం తిరగేస్తుంటే, ఆయన సూపర్ మ్యూటెంట్ల కవచాన్ని నేను ఇన్నాళ్లూ తక్కువ లెక్కేశానని తెలిసింది. కార్డు చదివి లెక్క చెప్పేది నేనే, ఆయన కళ్లజోడు పెట్టుకున్నా ఆ చిన్న అక్షరాలు కనపడవు, నా మాట నమ్మారు. కంప్యూటర్ అయితే ఈ పొరపాటు చేయదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే వెళ్లి చెప్పాను. ఆయన టీ పోసి ఇచ్చి, 'అయితే ఈ గురువారం సరైన కవచంతో ఆడదాం' అన్నారు. అప్పటినుంచి కార్డుల్ని పెద్ద అక్షరాలతో ప్రింట్ తీసి ఇద్దరి మధ్యా పెట్టుకుంటున్నాం. మీరూ అలా చేసి చూడండి. ఆడటానికి ముందే భోజనాలు కానివ్వండి.

ప్రశ్న: ఆంటీ, ఈ బొమ్మలు సంక్రాంతి బొమ్మల కొలువులో పెడితే అమ్మమ్మ తిడుతుందా? (9వ తరగతి, తెనాలి)

జవాబు: అమ్మమ్మని అడిగి పెట్టు తల్లీ, దేవుడి బొమ్మలకి పై మెట్లు వదిలేసి. నేను రెండేళ్లుగా కింది మెట్టు మీద పెడుతున్నాను. రెడ్ రాకెట్ అని పాడుబడిన పెట్రోలు బంకు, చుట్టూ ఇసుక, మధ్యమధ్యలో మొలకెత్తిన మెంతులు. ఇక్కడి జనవరి చలికి మొలకలు ఆలస్యంగా వస్తాయి, అందుకే హీటర్ పక్కన పది రోజుల ముందే చల్లుతాను. కంప్యూటర్ ఆటలో డాగ్‌మీట్ మొదట కనిపించేది ఆ బంకు దగ్గరే, కాబట్టి దాన్నీ అక్కడే నిలబెడతాను. వీడియో కాల్‌లో కొలువు చూపిస్తుంటే మా అమ్మ అన్నీ దాటేసి, 'ఆ కుక్క ఎవరిదే, ఒక్కతే నిలబడింది?' అంది. ఈ సంక్రాంతికి దాని పక్కన దాని యజమానిని కూడా పెట్టాలి. అతని కోటుకి ఇంకా ఒక పూత మిగిలి ఉంది.