మాత్రకూ లెక్క రాయి, శీనూ

శీనూ,

మొన్న దసరాకి వచ్చినప్పుడు మీ ఇంట్లో కిటికీ గట్టు మీద ఒక బ్లేడు, దాని పక్కనే సగానికి కోసిన తెల్ల మాత్ర, అదే నీ నొప్పికి వాడే ట్రమడాల్, చూశాను. నలుగురిలో అడిగితే నొచ్చుకుంటావని ఊరుకున్నాను. నిన్న కోడలు ఫోన్ చేసింది. "బానిసైపోతానేమోనని భయంతో సగం సగం కోసి వేసుకుంటున్నారు మావయ్యా. రాత్రి నొప్పికి తట్టుకోలేక ఒకేసారి రెండు మింగుతున్నారు. పొద్దున్నే లేచి ఇక ముట్టనని ఒట్టు పెట్టుకుంటున్నారు" అంది. ఫోన్‌లో చెబితే "సరే పెదనాన్నా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. ఒక్క బిగిన కూర్చోలేను కాబట్టి రెండు రోజులు పట్టింది. నువ్వూ నిదానంగా చదువు.

ముందు ఆ బ్లేడు తీసి పారెయ్యి. షీటు మీద మందు పేరు పక్కన ఎస్‌ఆర్ అనో ఈఆర్ అనో ఉందేమో చూడు. ఉంటే ఆ మాత్రను కోయకూడదు, నమలకూడదు, పొడి చేయకూడదు. గంటల తరబడి కొద్దికొద్దిగా దిగాల్సిన మందు, కోస్తే ఒక్కసారిగా ఒంట్లోకి దిగిపోతుంది. తక్కువ వేసుకుంటున్నానని నువ్వు అనుకుంటున్నావు. ఆ కాసేపు మాత్రం మందు ఎక్కువే పడుతుంది, తర్వాత త్వరగా అయిపోతుంది, రాత్రికి నొప్పి రెట్టింపుగా అనిపిస్తుంది. అప్పుడు నువ్వు రెండు మింగుతున్నావు. నీలో ఏదో లోపం ఉందనుకుని కుమిలిపోకు. మందు వేసుకునే పద్ధతి తప్పింది, అంతే.

ఇదంతా నాకెలా తెలుసంటే, నేనూ ఆ దారిలో వెళ్ళి వచ్చినవాణ్ణే. ఈ సంగతి మీ నాన్నకు కూడా పూర్తిగా చెప్పలేదు.

ఒంగోలు-హైదరాబాద్ నైట్ సర్వీసు ఏళ్ళ తరబడి నడిపాను. అద్దంకి దాటాక తెల్లవార్లూ అదే సీటు, అదే కుదుపు. రిటైరయ్యే నాటికి నడుంలో డిస్కు జారి, ఎడమ కాలి నరం పిరుదు నుంచి మడమ దాకా కరెంటు తీగలా లాగేది. డాక్టర్ పది రోజులకని ట్రమడాల్ రాశాడు, ఓపియాయిడ్ అనే రకం నొప్పి మందు అది. పది రోజులూ హాయిగా ఉంది. పదకొండో రోజు పాత చీటీ పట్టుకుని మెడికల్ షాపుకి వెళ్ళాను. నెల తిరిగాక చీటీ కూడా అడగలేదు, మొహం చూసి షీటు ఇచ్చేవాడు. 50 మిల్లీగ్రాముల క్యాప్సూల్స్, రోజుకు రెండుతో మొదలై మూడేళ్ళకు ఆరు దాకా వెళ్ళాయి. మీ పెద్దమ్మకు మూడని చెప్పేవాణ్ణి.

2018 ఏప్రిల్‌లో ట్రమడాల్‌ని మత్తుమందుల చట్టం కిందికి తెచ్చారు. ఆ షాపతను ఇక చీటీ లేకుండా ఇవ్వనన్నాడు. సరే, ఈ వంకనైనా మానేద్దాం అనుకుని ఇంటికొచ్చాను. మర్నాటికి ఒకటే ఆవలింతలు. ముక్కు కారడం, కళ్ళ నీళ్ళు, ఎండాకాలంలో ఒళ్ళంతా గగుర్పాటు, చెమటలు. వైరల్ జ్వరం అనుకున్నాం. రాత్రి విరేచనాలు పట్టుకున్నాయి, కాళ్ళు ఒకచోట నిలవవు, మంచం పట్టెకేసి తన్నుకున్నాను. మూడో రోజు మీ పెద్దమ్మ పెద్ద డాక్టర్ దగ్గరికి లాక్కెళ్ళింది. ఆయన నా అరచేతులు చూసి, "పెద్దాయనా, నిజం చెప్పు, రోజుకి ఎన్ని?" అన్నాడు. మీ పెద్దమ్మ పక్కనే ఉంది. ఆరు అన్నాను. ఆమె ఏమీ అనలేదు, నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ క్షణం నుంచే నేను బాగుపడ్డానని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ డాక్టర్ చెప్పిన మాట నీకు చెబుతాను. ఇలాంటి మందు రోజూ వాడితే ఎవరి ఒళ్ళయినా అలవాటు పడుతుంది, ఆపితే గొడవ చేస్తుంది. అది ఒంటి లక్షణం, తప్పు కాదు. బానిసత్వం వేరు. నొప్పి లేకపోయినా మనసు బాగోలేదని వేసుకోవడం, టైముకి ముందే చెయ్యి డబ్బా మీదకు పోవడం, ఒక డాక్టర్‌కి తెలియకుండా ఇంకో డాక్టర్ దగ్గర రాయించుకోవడం, లెక్క తప్పు చెప్పడం, మందు కోసం పని, ఇల్లు వదులుకోవడం. వీటిలో రెండో మూడో నాలో ఉన్నాయి. నీలో ఉన్నాయో లేదో నిన్ను నువ్వే అడుగు. ఉన్నా కంగారు పడకు, దానికీ వైద్యం ఉంది. మత్తు అలవాటు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా మాట్లాడతారు. నొప్పికి, నిద్రలేమికి మనసు మరీ కుంగితే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇప్పుడు నేను చేసిన పని చెబుతాను, నువ్వూ ఇవాళే మొదలుపెట్టు. డిపోలో మాకు కేఎంపీఎల్ లెక్క ఉండేది. లీటరు డీజిల్‌కి ఎన్ని కిలోమీటర్లు లాగాడన్నది ప్రతి డ్రైవర్ పేరు మీదా రాసేవాళ్ళు. పిల్లల నోటుబుక్కు ఒకటి తీసుకుని అలాగే మాత్రకు లెక్క మొదలుపెట్టాను. ఎన్నింటికి వేసుకున్నాను, ఆ తర్వాత ఏం చేయగలిగాను. నొప్పికి పదికి ఎన్ని మార్కులని నేను వేసుకోలేదు. నొప్పిని రోజంతా తలుచుకుంటే పెరుగుతుంది. "పాలకేంద్రం దాకా నడిచాను." "రైతుబజారులో అరగంట నిలబడ్డాను." "మధ్యాహ్నం నిద్రపోయాను, ఏమీ చేయలేదు." నెల గడిచాక చూస్తే, ఆరు వేసుకున్న రోజుల్లో చేసిన పనికీ నాలుగు వేసుకున్న రోజుల్లో చేసిన పనికీ తేడా లేదు! పైగా ఆరు వేసుకున్న రోజుల్లో మలబద్ధకం, మబ్బు. ఆ పుస్తకం చూసే డాక్టర్ నాకు తగ్గించడం మొదలుపెట్టాడు.

ఆయనే ఇంకో సంగతి చెప్పాడు. అమెరికాలో మాజీ సైనికుల మీద ఏడాదిపాటు ఒక పరీక్ష జరిగిందట. నడుం నొప్పి, మోకాలి, తుంటి అరుగుదల ఉన్నవాళ్ళలో కొందరికి ట్రమడాల్ లాంటి ఓపియాయిడ్ రకం మందులు, కొందరికి మామూలు నొప్పి మందులు ఇచ్చారు. ఏడాది తర్వాత ఈ రకం మందులు వాడినవాళ్ళకు నొప్పేమీ తక్కువగా లేదు. ఏళ్ళ తరబడి ఉండే నడుం నొప్పికి ఈ మందు మోయగలిగే బరువు మనం అనుకున్నంత లేదన్నమాట.

అలా అని ఒక్కసారిగా మానకు. నాకు ఆరు నుంచి సున్నాకి రావడానికి పది నెలలు పట్టింది. నెలకు ఒకటి తగ్గించాం. నాలుగు దగ్గర రెండు నెలలు, ఒకటి దగ్గర నాలుగు నెలలు ఆగాం. ఆగడం ఓడిపోవడం కాదు శీనూ, ఘాట్‌లో గేరు మార్చుకోవడం లాంటిది. నీకు ఎంత తగ్గించాలో, అసలు తగ్గించాలో వద్దో నీ డాక్టర్ చెప్పాలి. నా లెక్క నువ్వు పట్టుకోకు.

ఆయన్ని అడగాల్సినవి రాసుకో. కాలిలోకి మంటగా, తిమ్మిరిగా లాగే నరాల నొప్పికి వేరే మందులున్నాయి. రాత్రిపూట చిన్న మోతాదు అమిట్రిప్టిలిన్, లేదా డ్యులాక్సెటిన్, ప్రీగాబాలిన్. నాకు రాత్రి అమిట్రిప్టిలిన్ పది మిల్లీగ్రాములు బాగా పనిచేసింది. వీటిలో కొన్ని ట్రమడాల్‌తో కలిస్తే ప్రమాదం. ప్రీగాబాలిన్‌కీ ఒళ్ళు అలవాటు పడుతుంది. కాబట్టి నువ్వు వాడే ప్రతిదీ, చివరకు దగ్గు సిరప్‌తో సహా, ఆయన ముందు పెట్టు. చిన్నప్పుడు నీకు ఫిట్స్ వచ్చాయి, అది తప్పకుండా చెప్పు. ట్రమడాల్ ఫిట్స్ తెప్పించగలదు. నిద్ర పట్టడం లేదని ఎవరో ఇచ్చిన ఆల్ప్రాజొలామ్ లాంటి నిద్రమాత్ర వేసుకోకు, ట్రమడాల్ వాడుతున్నంత కాలం మద్యం ముట్టకు. ట్రమడాల్‌తో వీటిలో ఏది కలిసినా నిద్రలోనే ఊపిరి మందగించొచ్చు. లేపినా లేవకపోతే, ఊపిరి నెమ్మదిస్తే ఆలోచించకుండా 108కి ఫోన్ చేయమని కోడలికి చెప్పి ఉంచు.

ట్రమడాల్ అంటే భయమని డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్రని బఠాణీల్లా నమిలేవాళ్ళను చూశాను. మా డిపోలో ఒకాయనకు అలాగే కిడ్నీలు దెబ్బతిన్నాయి. ట్రమడాల్‌తో పారాసెటమాల్ కలిపిన మాత్రలు కూడా ఉంటాయి. వాటి మీద మళ్ళీ డోలో, అదీ పారాసెటమాలే, వేసుకుంటే పారాసెటమాల్ లెక్క దాటుతుంది. పెద్దవాళ్ళకు రోజుకు 4 గ్రాములు పైహద్దు, లివర్ బాగోకపోతే అంతకన్నా తక్కువే. వాడు ఇచ్చాడు, వీడు ఇచ్చాడు అని పేరులేని పొడులు తెచ్చుకోకు, వాటిలో స్టెరాయిడ్ కలిపేవాళ్ళున్నారు.

ఇక అన్నిటికన్నా నన్ను నిలబెట్టింది నడక. అందులోనూ మొదట పెద్ద తప్పు చేశాను. నొప్పి తక్కువున్న రోజు సంబరపడి పెంకుటిల్లు అటక మొత్తం సర్దాను, తర్వాత నాలుగు రోజులు మంచం దిగలేదు. నువ్వూ ఇంతే, దసరా నాడు బిందెలు మోశావు, చూశాను. ఫిజియోథెరపీ అమ్మాయి నాకు గడియారం చూసి నడవమంది. బాగున్నా పది నిమిషాలే, బాగోకపోయినా పది నిమిషాలే. వారం గడిచాక పన్నెండు. నొప్పి చెప్పినట్టు ఆగితే నొప్పే యజమాని అవుతుందని ఆమె అనేది. ఇప్పుడు పొద్దున నలభై నిమిషాలు నడుస్తాను. నొప్పి పోలేదు, ఇది రాస్తున్నప్పుడూ ఉంది. కాకపోతే ఇప్పుడది వెనక సీట్లో కూర్చుని సణిగే ప్రయాణికుడు. స్టీరింగ్ నా చేతిలో ఉంది.

ఒకటి మాత్రం జాగ్రత్త. తొడల మధ్య మొద్దుబారినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండానే కారిపోయినా, కాలు పట్టు తప్పినా అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి. దానికి ఏ మాత్రా పనికిరాదు.

నేనింత రాశానని ఈ మందులన్నీ చెడ్డవని పది మందికీ చెప్పకు. మీ పెద్దమ్మ వాళ్ళ అన్నయ్యకు నోటి క్యాన్సర్ వచ్చినప్పుడు, ఇదే రకం మందైన మార్ఫిన్ అంటే "ఇక ఆఖరు" అని ఇంట్లో అందరూ వద్దన్నారు. నేనూ వద్దన్నాను. మూడు వారాలు ఆయన గోడకేసి తల కొట్టుకున్నాడు. చివరికి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికి తీసుకెళితే మార్ఫిన్ ఇచ్చారు. రెండో రోజు లేచి కూర్చుని మనవరాలితో అష్టాచెమ్మా ఆడాడు. ఆ మూడు వారాలు ఆయనకు తిరిగి ఇవ్వలేం కదా, అది నన్ను ఇప్పటికీ తొలుస్తూ ఉంటుంది. భయంతో నువ్వు కూడా నొప్పిని అలా భరించొద్దనే ఇదంతా.

మాత్రల డబ్బా పిల్లలకు అందకుండా బీరువాలో పెట్టి తాళం కోడలికి ఇవ్వు. నీ మీద నమ్మకం లేక కాదు. రాత్రి రెండింటికి నొప్పి, మాత్ర తప్ప ఇంకెవరూ లేనప్పుడు పక్కన ఒక మనిషి ఉండాలి.

సోమవారం గుంటూరులో నీ డాక్టర్ దగ్గరికి నేనూ వస్తాను. షీట్లన్నీ, కోసిన ముక్కలతో సహా, ఒక కవర్లో వేసుకుని రా. ఈలోపు చీటీలో ఎలా రాసి ఉందో అలాగే వేసుకో, ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. మాత్ర వేసుకుని బైకు తీయొద్దు, బస్సులో రా. వెనక టైరు మీది సీటులో కూర్చోకు, మధ్యలో కూర్చో, కుదుపు తక్కువ. తొమ్మిదింటికల్లా బస్టాండ్‌లో ఎంక్వయిరీ దగ్గర నిలబడి ఉంటాను.

మీ పెదనాన్న