సెకండ్ హ్యాండ్ ఎంపీ-10 ఆప్టిమస్ ప్రైమ్: డబ్బులిచ్చేలోపు ఏమేం చూడాలి?

ప్రశ్న: మాది విజయవాడ సత్యనారాయణపురం. గుంటూరు బ్రాడీపేటలో ఒకాయన ట్రాన్స్‌ఫార్మర్స్ మాస్టర్‌పీస్ ఎంపీ-10 ఆప్టిమస్ ప్రైమ్ (రోబో నుంచి ట్రక్కుగా మారే బొమ్మ) అమ్ముతున్నారు. పెట్టె, ట్రయిలర్ అన్నీ ఉన్నాయట, 14 వేలు చెప్పారు. "ఒరిజినల్ జపాన్ పీసండీ, కొన్నప్పట్నించీ షోకేసులోనే ఉంది" అంటున్నారు. ఆదివారం వెళ్దామనుకుంటున్నా. నకిలీయో కాదో, ఆ ధర పెట్టచ్చో లేదో ఎలా తేల్చుకోవాలి?

జవాబు:

నకిలీ సంగతి ముందు తేల్చేసుకోండి, సగం పని కొలత టేపుతోనే అయిపోతుంది. ఎంపీ-10 జపాన్‌లో 2011లో వచ్చింది. రోబోగా నిలబెడితే ఎత్తు 25 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. దీన్నే పెద్దది చేసి వదిలిన కాపీ ఒకటి మార్కెట్లో తెగ తిరుగుతోంది, దాని పేరు ఎంపీపీ-10. మధ్యలో ఒక "పీ" ఎక్కువ, అంతే తేడా. అది 30 సెంటీమీటర్లు దాటుతుంది. లోహం ఎక్కువ వాడారు కాబట్టి చేతిలోకి తీసుకుంటే ఇటుకలా ఉంటుంది. బరువుంటే అసలు సరుకు అన్న లెక్క స్టీలు గిన్నెలకి సరిపోతుంది గానీ ఇక్కడ తిరగబడుతుంది. అమ్మే ఆయన కావాలని అబద్ధం చెబుతున్నారనీ కాదు, ఆయనకే తెలియకపోవచ్చు. పెట్టె మీది పేరు ఒకటికి రెండుసార్లు చదవండి.

అసలు సైజులోనే చేసిన కాపీ అయితే టేపు ఏమీ చెప్పదు. అప్పుడు అచ్చులో పడ్డ ముద్ర వెతకాలి. కాళ్ల లోపలి వైపో, ట్రయిలర్ అడుగునో కంపెనీ పేర్లు ప్లాస్టిక్‌లోనే ఉంటాయి. ఫోన్ టార్చిని ఎదురుగా కాకుండా పక్కనుంచి ఏటవాలుగా వేస్తే అక్షరాల అంచులు తేలతాయి. అసలుదాంట్లో అవి పదునుగా ఉంటాయి. కాపీలో అక్షరాలు పూడుకుపోయినట్టు కనిపిస్తాయి, లేదా ముద్ర ఉండాల్సిన చోట చెరిపేసిన నున్నటి మచ్చ మిగులుతుంది. అచ్చు రెండు సగాలు కలిసే గీత మీద గోరు నడిపించండి, గోరు తగిలి ఆగితే అనుమానించాల్సిందే. రంగు అంచు దాటి పక్క భాగం మీదికి పాకినా అంతే.

రెండు అపోహలు మాత్రం వదిలేయండి. "మేడ్ ఇన్ చైనా" అని ఉంది కాబట్టి నకిలీ అంటారు కొందరు. అసలువీ చైనా, వియత్నాం ఫ్యాక్టరీల్లోనే తయారవుతాయి. ఇంకొకటి ఐఎస్ఐ గుర్తు. మన దేశంలో 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకి 2021 జనవరి నుంచి అది తప్పనిసరి. అంతకు చాలా ముందే జపాన్‌లో అమ్మిన బొమ్మ మీద ఆ గుర్తు లేకపోతే అది ఏ రకంగానూ సాక్ష్యం కాదు.

ఆయన దగ్గర ఇంకా పాత బొమ్మలుండి "ఇది 1984 నాటిది" అని చూపిస్తే ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. జపాన్ బొమ్మల కంపెనీలు టకారా, టోమీ రెండూ కలిసి ఒకే కంపెనీ అయింది 2006లో. ఎనభైల బొమ్మ అని చెబుతూ రెండు పేర్లూ కలిపిన ముద్ర కనిపిస్తే అది తర్వాత మళ్లీ విడుదలైనదన్నా అయుండాలి, కాపీ అన్నా అయుండాలి.

ఇక అసలు విషయం. "షోకేసులోనే ఉంది" అన్న మాట విని మీరు ధైర్యపడ్డట్టున్నారు, నాకైతే అక్కడే ఎక్కువ చూడాలనిపిస్తుంది. కొండపల్లి బొమ్మకి షోకేసు మంచిదే, దానికి కదిలే కీళ్లు లేవు, రంగు బాగుంటే బొమ్మ బాగున్నట్టే. ఇది కదలాల్సిన బొమ్మ. ఏళ్ల తరబడి ఒకే భంగిమలో నిలబెడితే మూడు జరుగుతాయి: వెలుతురు తగిలిన వైపు పసుపెక్కుతుంది, బరువు మోసే కీళ్లు వదులవుతాయి, అసలు కదపని కీళ్లు బిగుసుకుపోతాయి. మూడోదే ప్రమాదం. రంగు వేసిన రెండు భాగాలు ఏళ్లపాటు ఒకదానికొకటి ఆనుకుని ఉంటే రంగుతో రంగు అంటుకుపోతుంది. మొదటిసారి తిప్పినప్పుడు కీలు కదలాల్సింది పోయి పిన్ను చుట్టూ ఉన్న ప్లాస్టిక్ విరుగుతుంది.

అందుకే మొదటి మార్పు ఆయన చేతే చేయించండి. రోబో నుంచి ట్రక్కుకి, ట్రక్కు నుంచి మళ్లీ రోబోకి, రెండు వైపులా. "మీది బాగా అలవాటున్న చేయి కదండీ, ఒకసారి చూపించండి" అంటే ఎవరూ కాదనరు. మాన్యువల్ పేజీల ఫోటోలు ఫోన్లో పెట్టుకుని వెళ్లండి, ఏ మెట్టు దాటేసి బలం వాడుతున్నారో తెలుస్తుంది. మార్చడం రాదంటే వీడియో కాల్‌లోనైనా తెలిసినవాళ్లని పెట్టి చేయించాలి. అదీ కుదరదంటే కదలని బొమ్మ ధరే ఇవ్వాలి.

ఆయన మారుస్తున్నప్పుడు మీ చెవి, కన్ను రెండూ పెట్టండి. టిక్ టిక్ మనే పళ్ల కీళ్లు ఎక్కడుంటే అక్కడ కుడి వైపు ఎన్ని టిక్కులో ఎడమ వైపూ అన్నే రావాలి. ఒక వైపు టిక్కు మధ్యలో జారితే లోపలి పళ్లు అరిగాయన్నమాట. దానికి ఇంట్లో చేసే వైద్యం లేదు. మామూలు రాపిడి కీళ్లు, బంతి కీళ్లు వదులైతే భయపడక్కర్లేదు. బంతి మీద రంగులేని నెయిల్ పాలిష్ పల్చగా ఒక పూత వేసి, 24 గంటలు ఆరనిచ్చి పెడితే బిగువు వస్తుంది, చాలకపోతే ఇంకో పూత. ఒకేసారి మందంగా వేస్తే బంతి కూర్చునే గిన్నె పగులుతుంది. పళ్ల కీళ్లలో మాత్రం ఏ పూతా వెయ్యకూడదు.

నిలబెట్టే పరీక్ష ఇలా చేయండి. రోబోని నున్నటి టేబుల్ మీద పెట్టి, తుపాకీ చేతికిచ్చి, ఆ చేయి నేలకి సమాంతరంగా చాపి వదిలేయండి. రెండు నిమిషాల్లో చేయి కిందికి దిగితే భుజం వదులు. ఒక కాలు కొంచెం ముందుకి పెట్టి చూడండి, నెమ్మదిగా జారిపోతుంటే తుంటి దగ్గర వదులు. ఇవి బేరానికి పనికొచ్చే లోపాలే గానీ వదిలేసుకునే లోపాలు కావు.

వదిలేసుకోవాల్సిన లోపం ఒకటుంది. పిన్ను దూర్చిన రంధ్రం చుట్టూ చూడండి, అక్కడ వెంట్రుకంత తెల్ల గీత ఉందా? ఒత్తిడికి ప్లాస్టిక్ తెల్లబడిన చోటు అది, రేపటి పగులు. పిన్నుకి ఒక చివర గరుకు పళ్లుంటాయి, వాటి బలంతోనే అది రంధ్రంలో పట్టు నిలుపుకుంటుంది. ఆ పట్టు గోడ మీద ఎప్పుడూ ఒత్తుతూనే ఉంటుంది. పారదర్శక ప్లాస్టిక్‌కి సాగే గుణం తక్కువ కాబట్టి కిటికీ భాగాలకి కీలు ఉన్న చోట ఇది తొందరగా వస్తుంది. భూతద్దం తీసుకెళ్లండి, పదిహేను నిమిషాలు కేవలం రంధ్రాలు చూడటానికే కేటాయించండి. జిగురు వేసి అతికించినదైతే ఆ చోట మెరుపు తేడాగా ఉంటుంది, పక్కన తెల్లటి పొగలాంటి పూత కనిపిస్తుంది. అది సూపర్ గ్లూ ఆవిరి చేసే మచ్చ. స్క్రూల తలలు కూడా చూడండి. గాడి అరిగి ఉంటే ఎవరో విప్పారు, ఎందుకు విప్పారో అడగాలి. తుప్పు పట్టి ఉంటే షోకేసులో కాదు, చెమ్మ ఉన్న అటక మీద ఉంది బొమ్మ.

పసుపు సంగతికి తెలివైన దారి ఉంది. ట్రక్కుగా మార్చినప్పుడు లోపలికి దాక్కునే భాగాలకీ, రోబోగా ఉన్నప్పుడు బయట ఉన్న భాగాలకీ రంగు పోల్చండి. లేత బూడిద భాగాల మీద గీత గీసినట్టు తేడా తెలుస్తుంది. ఎడమా కుడీ కూడా పోల్చండి, కిటికీ ఏ వైపుందో బొమ్మే చెబుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెడితే తెల్లబడుతుంది, నిజమే. కానీ అది మళ్లీ పసుపెక్కుతుంది, పైగా పెయింటు, క్రోమ్, స్టిక్కర్లు ఉన్న చోట వాడితే అవి పోతాయి. ఎంపీ-10 లాంటి దాని మీద నేనైతే ఆ ప్రయోగం వద్దంటాను. పసుపుకి ధర తగ్గించుకుని అలాగే ఉంచుకోవడం మేలు.

పెట్టె తెరవగానే ముందు వాసన చూడండి. కలరా ఉండల వాసన వస్తే ఆగండి. మన ఇళ్లలో బట్టలకీ పుస్తకాలకీ వేసినట్టే బొమ్మల పెట్టెలోనూ పడేస్తారు. ఆ ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది. వేలితో రాస్తే జిగటగా అనిపిస్తే ఆ పొర ఇక పోదు. మెత్తటి రబ్బరు టైరు ఏళ్లపాటు ఒకే చోట ప్లాస్టిక్‌కి ఆనుకుని ఉన్నా అక్కడ కరిగిన గుంట పడుతుంది, కాబట్టి టైర్లు తగిలే చోట్లూ చూడండి. పెట్టె అట్ట అలలు తేలి ఉంటే చెమ్మ తగిలినట్టు. మడతల లోపల మట్టిలాంటి గీతలుంటే చెదలు. అలాంటి పెట్టెని మీ పుస్తకాల బీరువా పక్కన పెట్టకండి, బొమ్మ తీసుకుని పెట్టె అక్కడే వదిలేయండి.

విడి సామాను లెక్కపెట్టుకోండి: తుపాకీ, పిడికిలికి తొడిగే పారదర్శక గొడ్డలి, ఛాతీ తెరిస్తే లోపల మ్యాట్రిక్స్ అనే చిన్న విడి భాగం, రోలర్ అనే చిన్న బండి, స్పైక్ అనే బుల్లి మనిషి, ట్రయిలర్. మొదట పోయేది స్పైకే. మ్యాట్రిక్స్ ఉందని మాటతో సరిపెట్టకుండా ఛాతీ తెరిపించి చూడండి. ట్రయిలర్‌ని పూర్తిగా విప్పి లోపలి చేయి, దాని చివర కీళ్లు కదిపించండి. చాలామంది బొమ్మనే చూసి ట్రయిలర్ తెరవరు. పొగగొట్టాలు, అద్దాలు, తల మీది యాంటెనాలు విరిగి అతికాయేమో చూసుకోండి.

ధర విషయం. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్నట్టుంటుంది ఈ బొమ్మల వ్యాపారం. ఆన్‌లైన్‌లో ఎవరో పెట్టిన ధర చూపించి ఆయన 14 వేలు అంటారు. అడిగిన ధర ధర కాదు, అమ్ముడుపోయిన ధరే ధర. అమ్ముడైనవాటి జాబితా మాత్రమే చూపించే వడపోత వేసి, పెట్టెతో ఉన్నవి, పెట్టె లేనివి విడివిడిగా కనీసం ఐదారు చూసి మధ్యస్థంగా ఉన్నది తీసుకోండి. ఈ బొమ్మ మళ్లీ మళ్లీ విడుదలైంది, కాబట్టి "అరుదు" అన్న మాటకి అదనంగా ఇవ్వక్కర్లేదు. అక్కడి నుంచి తగ్గింపు నా లెక్కలో ఇలా: ట్రయిలర్ లేకపోతే సగం, తుపాకీ లేదా మ్యాట్రిక్స్ లేకపోతే ఒక్కోదానికి పదో వంతు, కంటికి తెలిసే పసుపుకి ఐదో వంతు, వదులు కీళ్లకి వెయ్యి, రెండు వేలు. స్పైక్ లేకపోతే అడిగి చూడండి, తగ్గించకపోయినా గొడవ పడకండి. అది ఎంపీపీ-10 అని తేలితే ఈ లెక్కలేవీ వర్తించవు. కాపీగానే ధర మాట్లాడండి, లేదా మర్యాదగా లేచి వచ్చేయండి.

తీసుకుంటే బ్రాడీపేటలోనే ట్రక్కుగా మార్చి, తుపాకీ, గొడ్డలి విడిగా కవర్లో వేసి, పాత కాటన్ తువ్వాలు చుట్టి తెచ్చుకోండి. ఎండాకాలంలో బండి డిక్కీలో వద్దు. మెత్తటి భాగాలు వంగుతాయి, స్టిక్కర్ల జిగురు జారుతుంది. గొడ్డలి కొంచెం వంగి కనిపిస్తే అరనిమిషం వేడినీళ్లలో ఉంచి, సరిచేసి, వెంటనే చన్నీళ్లలో ముంచండి, కుదురుకుంటుంది. బస్సులో అయితే పై అరలో కాకుండా ఒళ్లో పెట్టుకోండి.