కట్ట దిగువన నడువు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మడ్డువలస జలాశయంలో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు)గా చేరావని అక్కయ్య ఫోనులో చెప్పింది. మట్టికట్టల మీద ముప్పై ఏళ్లు తిరిగినవాడిని, రాయకుండా ఉండలేకపోతున్నాను.

వాన పట్టిందంటే అందరి చూపూ నీటి మట్టం మీదే. నువ్వు కట్ట దిగి, నీరు లేని అవతలి వైపు కట్ట పాదం వెంబడి నడువు. మట్టికట్టకు ఊట సహజం. అది తేటగా, రోజూ ఒకే తీరున వస్తుంటే భయం లేదు. రంగు మారిందంటే మాత్రం నీరు కట్ట లోపలి మట్టిని మోసుకొస్తోందన్నమాట. ఒక గాజు గ్లాసు వెంట ఉంచుకో. ఊటనీరు పట్టి కాసేపు కదపకుండా పెట్టు. అడుగున మట్టి పేరుకుంటే ఇక ఆలోచించకు, పై అధికారికి అప్పుడే ఫోను చెయ్యి.

ఒక తుపాను రాత్రి ఒక చెరువు గట్టు కింద అలాంటి ఊట చూశాను. కంగారులో బంకమట్టి బస్తాలతో దాని నోరు మూయించాను. గంట తిరక్కుండా పక్కన మరోచోట తన్నుకొచ్చింది. చెరువులు, కాలువలు కాపలా కాసే ముసలి లస్కరు ఒకాయన వచ్చి బస్తాలు తీయించి, ముందు ముతక ఇసుక, దానిపై కంకర, ఆపైన రాళ్లు పరిపించాడు. నీరు ఆగలేదు, మట్టి ఆగింది. తెల్లవారేసరికి ఊట తేటపడింది. ఆ రాత్రి నేర్చుకున్నది ఏ తరగతిలోనూ నేర్చుకోలేదు.

ఎలుక బొరియలు, పొదలు వేసవిలోనే చూసుకో. పెద్ద చెట్టును పైకి నరికి వదిలేయకు, వేళ్లు కుళ్లాక నీటికి అవే దారులవుతాయి.

2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట వరద పైనుంచి పొర్లి కొట్టుకుపోయింది. మట్టి మీద నీరు పొర్లితే ఇక ఆపలేం. అందుకే జూన్‌కు ముందే ప్రతి గేటునూ ఎత్తి దించి చూడు, జనరేటరును నడిపించి చూడు. సాలూరు, పాచిపెంట కొండల్లో కురిసిన వాన సువర్ణముఖి, వేగావతి నదుల మీదుగా నీ దగ్గరికే వస్తుంది. అక్కడి వాన సమాచారం అందగానే గేట్ల సంగతి చూడు, కట్ట నిండేదాకా ఆగకు. అలాగని జలాశయాన్ని ఒక్కసారిగా ఖాళీ చేయించినా తడిసిన నీటివైపు కట్ట వాలు జారిపోవచ్చు.

గేట్లు ఎత్తే ముందు దిగువ ఊళ్లలో దండోరా వేయించు. నదిలో పశువులు, మనుషులు ఉంటారు. ఆ ఊళ్ల సర్పంచుల నంబర్లు కాగితం మీద రాసి దగ్గర ఉంచుకో, తుపాను రాత్రి ఫోనులో చార్జింగు ఉండదు.

వానలకు ముందు ఒకసారి వస్తాను. కట్ట కింద ఇద్దరం కలిసి నడుద్దాం, ఊటలు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తులు పెడదాం.

— నీ మామయ్య