బండి సంగతులు: చివర్న ఉన్న ఆ ‘ఎల్’కి లక్షా అరవై వేలా?

ప్రశ్న: అన్నా నమస్తే, మాది చంద్రగిరి దగ్గర పల్లె. ఇంట్లో ఆరుగురం, నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లోళ్లు, అమ్మా నాయనా. అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఇన్నాళ్లూ చిన్న కారుతోనే నెట్టుకొచ్చినాం, ఇంక సరిపోవట్లేదు. మహీంద్రా ఎక్స్‌యూవీ 700 డీజిల్ ఆటోమేటిక్, ఏడబ్ల్యూడీ (నాలుగు చక్రాలకీ లాగుడు ఉండేది), సెకండ్ హ్యాండ్‌లో చూస్తా ఉండా. రెండు తగిలినాయి. ఒకటి తిరుపతి బండే, ఏఎక్స్7, 2023ది, ఫస్ట్ ఓనర్. ఇంకోటి బెంగళూరు బండి, ఏఎక్స్7 ఎల్, 2022ది, దానికి లక్షా అరవై వేలు ఎక్కువ చెప్తున్నారు. కొంటే టాప్ ఎండే కొను, లేదంటే తర్వాత ఏడుస్తావు అని మా తమ్ముడి గోల. నెలకోసారన్నా కొండకి పోతాం, బంగారుపాళెం దగ్గర మామిడి తోట ఉంది, పెద్దోడి చదువు పనిమీద బెంగళూరుకి తిరుగుడు ఉంది. ఎల్‌లో సీట్లలోంచి చల్లగాలి వస్తుందంట, మన ఎండలకి అదొక్కటి చాలు కదా అనిపిస్తుంది. ఏది తీసుకోమంటారు?

జవాబు: ముందు ఆ చల్లగాలి సంగతి తేల్చేద్దాం తమ్ముడూ, ఎందుకంటే నీ మనసు సగం దానిమీదే ఉన్నట్టుంది. వెంటిలేటెడ్ సీట్లు ఎక్స్‌యూవీ 700కి వచ్చింది 2024 జనవరి అప్‌డేట్‌లో, అది కూడా ఏఎక్స్7 ఎల్‌కే, ముందు రెండు సీట్లకే. నువ్వు చూస్తున్నది 2022 బండి. కంపెనీ ఇచ్చిన వెంటిలేటెడ్ సీట్లు దాంట్లో ఉండవు. అమ్మేటాయన ఉన్నాయని నోటితో చెప్పుంటే కూర్చుని బటన్ నొక్కి చూపించమను. సెకండ్ హ్యాండ్‌లో వేరియంట్ పేరు ఒకటే చూస్తే సరిపోదు, ఏ సంవత్సరంలో తయారైందో కూడా చూడాల, అదే ‘ఎల్’ 2022లో ఒకలాగ, 2024లో ఇంకోలాగ ఉంటుంది.

ఇప్పుడు లెక్కకొద్దాం. 2021లో ఈ బండి కొత్తగా వచ్చినప్పుడు ఎల్ అంటే వేరే బండేం కాదు, ఏఎక్స్7 మీద లగ్జరీ ప్యాక్ అని 1.80 లక్షలు ఎక్స్‌ట్రా కట్టించుకునేవాళ్లు. ఏడబ్ల్యూడీకి ఇంకో 1.30 లక్షలు. అంటే కొత్త బండికి 1.80 ఉన్న ప్యాక్‌ని, ఇన్నేళ్లు వాడేసినాక, అందులోనూ నీ ఏఎక్స్7 కన్నా ఒక ఏడాది పాత బండి మీద, 1.60కి అంటగడుతున్నారు నీకు! ఇంజన్, గేర్‌బాక్స్ రెండిట్లో ఒకటే, 2.2 లీటర్ డీజిల్, 185 పీఎస్, ఆటోమేటిక్‌కి 450 ఎన్ఎం టార్క్ (లాగే బలం). సామాన్యంగా పాత బండ్ల బజారులో స్పీకర్లకి, కెమెరాలకి పెట్టిన డబ్బే అన్నిటికన్నా ముందు కరిగిపోతుంది, ఇక్కడ మాత్రం కరగలేదంటే అమ్మేవాళ్ల ఆశ తప్ప వేరే కారణం నాకు కనపళ్లేదు.

సరే, ఎల్‌లో ఎక్కువ ఏముందో చూద్దాం. 360 డిగ్రీల కెమెరా, ఇండికేటర్ వేస్తే పక్కన వచ్చే బండిని స్క్రీన్ మీద చూపించే బ్లైండ్ వ్యూ, సోనీ సౌండ్ 12 స్పీకర్లు, ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్, డ్రైవర్ మోకాళ్ల దగ్గర ఒక ఎయిర్‌బ్యాగ్, వైర్‌లెస్ చార్జింగ్, తాళం తియ్యగానే వాటంతట అవే బయటికొచ్చే డోర్ హ్యాండిళ్లు. వీటిలో నిజంగా పనికొచ్చేది కెమెరా. ఇంత పొడుగు బండిని గోవిందరాజస్వామి గుడి చుట్టూ వీధుల్లో తిప్పాలన్నా, బ్రహ్మోత్సవాలప్పుడు తిరుమల పార్కింగ్‌లో ఇరికించాలన్నా ఆ పైనుంచి చూపించే బొమ్మ ఉంటే ప్రాణం హాయిగా ఉంటుంది. పార్కింగ్ బ్రేక్ కూడా బాగుంటుంది, దాంతో పాటు స్టాప్ అండ్ గో వస్తుంది కాబట్టి కేఆర్ పురం ట్రాఫిక్‌లో ముందు బండి ఆగితే ఆగి కదిలితే కదులుతుంది, బెంగళూరు తిరుగుడు ఉన్నోడికి అది సుఖమే. హ్యాండిళ్లు షోకు, అంతే. ఏఎక్స్7లో నొక్కి లాగాల, దానికేం చెయ్యి అరిగిపోదు. సోనీ గురించి నేను మాట్లాడను, మీ ఇంట్లో వెనక సీట్లో పిల్లోళ్లు ఉన్నాక ఆ 12 స్పీకర్లలో ఏం మోగుతుందో నాకంటే నీకే బాగా తెలుసు.

అసలు సేఫ్టీకి కావాల్సినవి ఏఎక్స్7లోనే వచ్చేసినాయి. ముందు, పక్క, కర్టెన్ కలిపి ఆరు ఎయిర్‌బ్యాగ్‌లు, ముందు బండికి మరీ దగ్గరైతే దానంతట అదే బ్రేక్ వేసే ఏడాస్, లేన్ దాటితే స్టీరింగ్ సర్దేది, పనోరమిక్ సన్‌రూఫ్, రెండు పక్కలకీ వేరువేరు ఏసీ, వెనక వైపరు. 2021లో బండ్లని గుద్దించి పరీక్ష చేసే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఈ మోడల్‌కి పెద్దోళ్ల సేఫ్టీలో 5 స్టార్లు, పిల్లల సేఫ్టీలో 4 ఇచ్చింది. ‘ఎల్’ లేదని మీ అమ్మకీ పిల్లోళ్లకీ రక్షణ తగ్గేదేం లేదు, తేడా అల్లా డ్రైవర్ మోకాళ్ల కాడ ఆ ఒక్క ఎయిర్‌బ్యాగే. అమ్మని మధ్య వరసలో ఎడమ పక్క కూర్చోబెట్టు, పిల్లోళ్లని వెనక్కి తోసెయ్, మూడో వరసలోకి మోకాళ్ల నొప్పులోళ్లని ఎక్కించాలని మాత్రం చూడొద్దు. ఒకటి గుర్తుపెట్టుకో, మూడో వరస లేపినాక డిక్కీలో పెద్దగా చోటు మిగల్దు, ఆరుగురూ కలిసి సామాన్లతో బెంగళూరుకి పోవాలంటే పైన క్యారియర్ గురించి ఆలోచించాల్సిందే, ఇది రెండు వేరియంట్లకీ ఒకటే బాధ.

ఇంక నువ్వు అడగనిది ఒకటి చెప్తా. ఏడబ్ల్యూడీ నీకు నిజంగా కావాల్నా? కొండకోసం అయితే అక్కర్లేదు. తిరుమలకి మొదటి ఘాట్ రోడ్డు 1944లో తెరిచినారు, రెండోది 1974లో, అప్పట్నుంచి అంబాసిడర్లు ఎక్కినాయి, ఆర్టీసీ సప్తగిరి బస్సులు రోజూ నిండా జనంతో ఎక్కుతున్నాయి, అన్నీ వెనక చక్రాలతోనే. తారు రోడ్డు మీద పట్టు టైరుది. పైగా అలిపిరిలో టైం కొడతారు, ఎక్కడానికి 28 నిమిషాల కంటే ముందు, దిగడానికి 40 నిమిషాల కంటే ముందు చేరితే ఫైను, కాబట్టి అక్కడ నాలుగు చక్రాల తిప్పుడుతో దూసుకుపోయేది ఏమీ లేదు. దిగేటప్పుడు అసలు పని బ్రేకులది. చాలామంది ఆటోమేటిక్ కదా అని డి లోనే పెట్టి కిందదాకా బ్రేక్ మీద కాలేసి కూర్చుంటారు, సగం దూరం రాకముందే కాలిన వాసన వస్తుంది. గేర్ లివర్‌ని మాన్యువల్‌లోకి తోసి రెండులోనో మూడులోనో పట్టుకుంటే ఇంజనే బండిని ఆపుకుంటా వస్తుంది. మొగిలి ఘాట్‌లోనూ, భాకరాపేట ఘాట్‌లోనూ ఇదే పద్ధతి. క్రూయిజ్ (కాలు పెట్టకుండానే బండి వేగం పట్టుకునేది), స్టీరింగ్ సర్దుడు లాంటివి ఘాట్‌లలో ఆపేసుకో, వాటి సుఖమంతా కోలారు దాటినాక హైవే మీదే.

మరి ఏడబ్ల్యూడీ యాడ పనికొస్తుంది? నీ తోటలో. నవంబర్ ముసురు పట్టి ఎర్రమట్టి నానిపోయినప్పుడు బండ్ల బాట మీద ముందు చక్రాలు ఊరికే తిరుగుతా ఉంటే ఈ సిస్టం వెనక చక్రాలకి కూడా లాగుడు పంపించి బయటపడేస్తుంది. పంట టైంలో, అంటే జూన్ జులైలో తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీలకి తోలేటప్పుడు కూడా ఒక్క వాన పడితే ఇదే కథ. కానీ థార్, స్కార్పియో ఎన్ ఫోర్ బై ఫోర్‌లలో ఉన్నట్టు లో రేంజ్ గేరు దీంట్లో లేదు, కాబట్టి ట్రాక్టర్ పోయిన గాడిలో బొడ్డు ఆనేంత లోతుకి దిగితే మళ్లీ ఆ ట్రాక్టరే రావాల. పారే వంక దాటడానికి మాత్రం ఏ డ్రైవూ పనికిరాదు, 2021 నవంబర్ వరదల్లో తిరుపతి వీధుల్లోనే బండ్లు కొట్టుకుపోయిన వీడియోలు అందరం చూసినాం. తోటకి నెలకి రెండు మూడుసార్లు పోయేటట్టుంటే ఏడబ్ల్యూడీ తీసుకో. కాయలు అమ్మే సీజన్‌కి మాత్రమే పోతాం అంటే ఇదే బండి ముందు చక్రాల డ్రైవ్‌లో చూడు, బరువు తక్కువ, డీజిల్ తక్కువ తాగుతుంది, బజారులో బండ్లు కూడా ఎక్కువ దొరుకుతాయి.

బెంగళూరు బండి ధర చెప్పినప్పుడు ఎవరూ చెప్పని ఖర్చు ఇంకోటుంది. కర్ణాటక ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే కాగితం) తెచ్చుకుని మన దగ్గర మళ్లీ లైఫ్ టాక్స్ కట్టాల. బండి వయసును బట్టి తగ్గించి వేస్తారు, నిజమే, కానీ కొత్తలో ఇరవై లక్షలు దాటిన బండికి తగ్గించినాక కూడా అది లక్షల్లోనే ఉంటుంది. అక్కడ కట్టిన టాక్స్‌లో మిగిలింది వాపసు అడగొచ్చు, కాకపోతే ఆ కాగితాల వెంట తిరిగే ఓపిక ఉండాల. అంటే నీ లక్షా అరవై తేడా కాస్తా ఇంకా పెరుగుతుంది.

అందుకని నా మాట, తిరుపతి ఏఎక్స్7. అయితే దానికీ ఊరికే డబ్బులు ఇచ్చెయ్యొద్దు. అమ్మేటాయన 2023 ఇన్‌వాయిస్ చూపించి ఇంత పెట్టి కొన్నా అంటాడు, అప్పటి ధరలు ఇప్పుడు లెక్కలోకి రావు. 2024 జులైలో కంపెనీనే ఏఎక్స్7 ధరలు బాగా తగ్గించి 19.49 లక్షల నుంచి మొదలుపెట్టింది, 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద బండ్ల మీద సెస్సు తీసేసి జీఎస్టీ 40 శాతం చేసినారు, దాంతో ఇంకా దిగింది, 2026 జనవరికి 7ఎక్స్‌ఓ పేరుతో దీని తర్వాతి బండి కూడా వచ్చేసింది. ఈ మూడూ ఆయన ముందర పెట్టి బేరం ఆడు. బండి చూసేటప్పుడు ముందు అద్దం మార్చినారా అని అడుగు, ఏడాస్ కెమెరా ఆ అద్దం వెనకే ఉంటుంది, అద్దం మార్చినాక క్యాలిబ్రేషన్ చేయించకపోతే అది చూడాల్సినదాన్ని సరిగా చూడదు, సర్వీస్ బిల్లులో అది రాసుందో లేదో చూడు. కింద ర్యాంప్ మీద ఎక్కించి వెనక డిఫరెన్షియల్ (వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల పెట్టె) దగ్గర ఆయిల్ కారిన మరకలు ఉన్నాయేమో, నాలుగు టైర్లు ఒకే కంపెనీవేనా అని చూడు. మీ తమ్ముడికి ఈ పేజీ చూపించు, ఇంకా టాప్ ఎండ్ అంటే ఆ లక్షా అరవై ఆయన్నే పెట్టమను.

ప్రశ్న: సార్, నేను చిత్తూరులో టీచర్‌ని. కొత్త బండి తీసుకుంటున్నా. ఒక వేరియంట్ ఎక్స్ షోరూం 19.80 లక్షలు, దాని పైది 20.40. అరవై వేలే కదా, పైది తీసుకోండి మేడం అని షోరూంలో అంటున్నారు. నిజంగా అరవై వేలేనా?

జవాబు: కాదు మేడం. మన రాష్ట్రంలో కార్లకి లైఫ్ టాక్స్ పది నుంచి ఇరవై లక్షల దాకా 17 శాతం, ఇరవై దాటితే 18. ఆ 18 పైనున్న నలభై వేలకి కాదు, మొత్తం ధరకి పడుతుంది. 19.80కి 3,36,600 అవుతుంది, 20.40కి 3,67,200. అక్కడే ఇంకో 30,600. ఇన్సూరెన్స్ కూడా ధరని బట్టి కొంచెం పెరుగుతుంది. అరవై వేలు అన్నది తొంభై వేలు దాటిపోయింది చూడండి. పది లక్షలు దాటిన కారుకి షోరూం వాళ్లు వసూలు చేసే ఒక శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే పట్టుకునే ఇన్‌కంటాక్స్) మాత్రం భయపడక్కర్లేదు, అది ఇన్‌కంటాక్స్ రిటర్న్‌లో మీ పేరున కనిపిస్తుంది, సర్దుబాటో వాపసో అవుతుంది. పై వేరియంట్‌లో మీకు కావాల్సింది సన్‌రూఫ్ ఒక్కటే అయితే వదిలెయ్యండి, మే నెలలో చిత్తూరు ఎండకి దాని కర్టెన్ కూడా ఎవరూ తియ్యరు. కెమెరాలో, ఎయిర్‌బ్యాగ్‌లో, ఏడాసో వస్తుంటే తొంభై వేలు పెట్టొచ్చు. ఏదైనా ఆన్ రోడ్ ధర లైన్ లైన్‌గా కాగితం మీద రాయించుకోండి, యాక్సెసరీలు అని రాసిన దగ్గర ఏమేం కలిపినారో అడగండి, మ్యాట్లు, బంపర్ గార్డులు అవసరం లేకపోతే తీసేయించండి.

ప్రశ్న: అన్నా, నాది ఏడబ్ల్యూడీ బండి. ముందు రెండు టైర్లే అరిగినాయి. ఆ రెండే మార్చమంటున్నాడు పలమనేరు టైర్ల షాపాయన. మార్చొచ్చా?

జవాబు: ముందూ వెనకా టైర్ల ఎత్తులో తేడా వస్తే నాలుగు చక్రాలు ఒకే వేగంతో తిరగవు, అవి జారుతున్నాయేమో అనుకుని వెనక చక్రాలకి లాగుడు పంపే మధ్యలో ఉన్న కప్లింగ్ ఊరికే పని చేస్తా వేడెక్కుతుంది. వెనకవి కూడా సగానికి పైగా అరిగుంటే నాలుగూ ఒకేసారి, ఒకే కంపెనీవి, ఒకే సైజువి వేయించు. వెనకవి ఇంకా బాగుంటే అరుగుదల తేడా ఎంతవరకు ఫరవాలేదో ఓనర్స్ మాన్యువల్‌లో చూసుకుని నిర్ణయించు. ఇంకముందు ఐదారు వేల కిలోమీటర్లకోసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పించుకుంటా ఉండు, అలైన్‌మెంట్ కూడా చూపించు.